బుట్ట కింద పెట్టు

ఉడికిన బంగాళాదుంప తొక్కల్ని సలోమా చెక్కగరిటెతో మెదుపుతోంది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోలేదు. ఈ పనికి కళ్ళతో అవసరం లేదు. మెదిపిన దాంట్లో నాలుగు దోసిళ్ళ మొక్కజొన్న రవ్వ పోసి, పులిసిన మజ్జిగ వంచి, చేత్తోనే కలిపింది. ముద్ద పొడిపొడిగా విడిపోవాలి. జారుగా ఉంటే కోళ్ళు తినేదానికన్నా తొక్కేదే ఎక్కువ. ఆఖరున గుడ్డు పెంకుల పొడి చారెడు చల్లింది. దాన్ని పిండిలా నూరాలి, పెంకు పెంకులా కనిపించకూడదు. ఆ రుచి ఫలానా దానిదని తెలిసిపోతే కోడి తన గుడ్డును తనే పొడుచుకు తింటుంది.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, నడుము దగ్గర కాస్త ముందుకు ఒరిగింది. గుండీల్లేకుండా గుండుసూదులతో బిగించిన నల్లని గౌను, తెల్లటి కుచ్చుటోపీ, వేళ్ళ కణుపులన్నీ వాచిన చేతులు. మా చర్చి ఆడవాళ్ళు వరసగా నిలబడితే సలోమా ఎవరో చెప్పడం పక్కింటి వాళ్ళకు కూడా కష్టమే. ఒకరితో గట్టిగా మాట్లాడింది లేదు, ఒకరు ఆమె గురించి మాట్లాడిందీ లేదు, ఏడేళ్ళ కిందటి దాకా.

వెనక గుమ్మం దగ్గర బెన్యుయెల్ నిలబడ్డాడు. మేత బకెట్టు అతని చేతికే ఇచ్చింది. ఇవ్వొచ్చు. అతను దాన్ని కోళ్ళ కొట్టానికి తీసుకెళ్ళి, తొట్లలో పోసి, గుడ్లబుట్టతో తిరిగొచ్చాడు. ఈసారి మాత్రం సలోమా చెయ్యి చాపలేదు. అతను బుట్టను గుమ్మం ముందరి చదును రాయి మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. అప్పుడు ఆమె వంగి తీసుకుంది. వెలి వేసిన మనిషికి ఏమైనా ఇవ్వొచ్చు, అతని చేతి నుంచి మాత్రం ఏదీ పుచ్చుకోకూడదు. అతను కట్టుకున్న మొగుడైనా సరే.

"పదకొండే," అన్నాడు బెన్యుయెల్. "ఈకలు రాలుస్తున్నాయి ముండలు. సిగ్గు లేకుండా బోడి మెడలేసుకుని తిరుగుతున్నాయి."

"పొద్దున్నే ఆ మాటలేంటయ్యా," అంది సలోమా.

ఫలహారం బల్ల దగ్గర కూడా ఇదే వరస. బల్లలు రెండు. మధ్యలో బెత్తెడు సందు. ఒకే బల్ల మీద తినకూడదు కాబట్టి రెండు. పైన మాత్రం సలోమా ఒకే దుప్పటి పరిచింది, రెండింటినీ కప్పేలా. కుట్టిన ఏడాది బిషప్పు వచ్చి చూసి, ఏమీ అనకుండా గెడ్డం నిమురుకుని వెళ్ళిపోయాడు.

"ఈ సందులోంచే నా పాపం కిందికి జారిపోతుంది కాబోలు," అనేవాడు బెన్యుయెల్. ఆమె నవ్వేది కాదు. అతను ఉప్పు బుడ్డి దుప్పటి మీద పెట్టి వేలితో తోసేవాడు, ఆమె అందుకునేది. పడక కూడా వేరే. అతనిది వంటింటి పక్క గది, ఆమెది మేడ మీద.

ఇంతకీ అతను చేసిందేమిటంటే, ఏడేళ్ళ కిందట మార్చిలో మూడొందల కోడిపిల్లలు పోస్టులో అట్టపెట్టెల్లో వచ్చాయి. వచ్చిన రోజే మంచు పడింది. కిరసనాయిలు పొయ్యి వేడి చాలలేదు. పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, కింద ఉన్నవి ఊపిరాడక చచ్చిపోతున్నాయి. చచ్చినవాటిని బెన్యుయెల్ బకెట్టుతో ఎత్తి పోశాడు. రెండో బకెట్టు నిండాక గబగబా వెళ్ళి పక్క పొలం ఇంగ్లిషాయన్ని కరెంటు అడిగాడు. మావాళ్ళు కానివాళ్ళందరినీ మేం ఇంగ్లిషోళ్ళనే అంటాం. కరెంటు వాళ్ళకే, మా చర్చి నియమాల్లో అది నిషిద్ధం. కంచె మీద నుంచి కరెంటు తీగ లాగి రెండు బల్బులు వేలాడగట్టాడు. తొమ్మిది రోజులు ఆ కొట్టం కిటికీ ఎర్రగా వెలిగింది. గుర్రబ్బండ్ల మీద వెళ్ళేవాళ్ళందరూ చూశారు.

చలి విరిగి, పిల్లలకు రెక్కల ఈకలు మొలవగానే తనే తీగ చుట్టేసి ఇచ్చేశాడు. చర్చి అడిగింది కూడా పెద్ద శిక్షేమీ కాదు. అందరి ముందు మోకరిల్లి, తప్పు చేశాను, బాధపడుతున్నాను అనాలి. అంతే. ఎంతోమంది అంతకన్నా పెద్దవాటికి మోకరిల్లి లేచారు. బెన్యుయెల్ మొండివాడు. తీగ లాగింది తప్పంటే ఒప్పుకుంటాను, పిల్లలు బతికినందుకు బాధపడుతున్నానని మాత్రం అబద్ధం చెప్పలేనన్నాడు. ఆరు వారాలు గడువిచ్చారు. తర్వాత వెలికి సమ్మతమేనా అని చర్చిలో ఒక్కొక్కరినీ అడిగారు. ఆడవాళ్ళ వరసలో అడుగుతూ వచ్చారు. సలోమా వంతు వచ్చినప్పుడు ఆమె కూడా తల ఊపింది.

పది గంటలకు ఏరివేత పెట్టుకున్నారు. ప్రార్థనలు మాకు వంతులవారీగా ఇళ్ళల్లోనే. ఈ ఆదివారానిది మరిది యోస్ట్ ఇంట్లో. సూప్‌కి ముసలి కోళ్ళు ఆరు కావాలి. బెన్యుయెల్ ఒక్కొక్క కోడిని చంకలో ఇరికించుకుని తోక కింద ఎముకల మధ్య వేళ్ళు పెట్టి చూశాడు. రెండు వేళ్ళు పడితే గుడ్లు పెడుతోంది, బతుకుతుంది. ఒక వేలే పడితే గంపలోకి. ఒక ఎర్రకోడి దగ్గర మాత్రం ఒక వేలు కూడా సరిగ్గా పట్టలేదు, అయినా వదిలేశాడు.

"దానికి మూడేళ్ళయింది గుడ్డు పెట్టి," అంది సలోమా.

"పొదుగుతుంది కదా. ఎవరి గుడ్లు పెట్టినా పొదుగుతుంది. ఉండనీ."

అతను మొద్దు మీద నరికి, కోడిని మొద్దు మీదే వదిలేశాడు. సలోమా అక్కడ నుంచి తీసుకుని వేడినీళ్ళలో ముంచింది. తల నరికింది బెన్యుయెల్ అని ఊరందరికీ తెలుసు. మొద్దు మీద నుంచి తీసింది సలోమా కాబట్టి ఆ సూప్ తాగొచ్చు. మా నియమాలు అంత బాగా ఆలోచించి పెట్టినవి.

ఐదో కోడికి గొడ్డలి పక్కకు పడింది. బెన్యుయెల్ కుడిచెయ్యి రెండుసార్లు విదిలించుకున్నాడు.

"ఏమైందయ్యా?"

"తిమ్మిరి."

మళ్ళీ నరికాడు. ఆమె మళ్ళీ ఈకల్లో పడింది.

ఆరూ పూర్తయ్యేసరికి యోస్ట్ బండి వచ్చింది. అతను బెన్యుయెల్‌కు తమ్ముడు, చర్చికి డీకను, బిషప్పు కబుర్లు ఇళ్ళకు చేరవేసే పెద్ద. ఏడేళ్ళ కిందట వెలి కబురు ఈ గుమ్మంలో నిలబడి చెప్పింది అతనే. టోపీ తీసి, కాళ్ళ కింది ఈకల వంక చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, బిషప్పు దిగొచ్చాడు," అన్నాడు. "నువ్వేం మాట్లాడక్కర్లేదంట. ఈ ఆదివారం మా ఇంటికొచ్చి మోకాళ్ళ మీద కూర్చో చాలు. ఆయన అడుగుతాడు, నువ్వు అవునను. రెండు వారాల్లో ప్రభు భోజనం. అందరితో కలిసి తీసుకుందువు గాని."

"ఏమడుగుతాడు?"

"చేసిందానికి బాధపడుతున్నావా అని."

"తీగకా, పిల్లలకా? రెండూ విడగొట్టి అడగమనరా. తీగకైతే ఇదిగో, ఇక్కడే, ఈ బొచ్చులోనే మోకరిల్లుతా."

"బిషప్పు దగ్గర బేరాలేంటి నీకు!" యోస్ట్ గొంతు లేచింది. "డెబ్బై మూడొచ్చాయి నీకు. ఇట్లాగే పోయావనుకో, అమ్మానాన్నల పక్కన పెట్టనివ్వరు. మూలన కంచె వార పూడుస్తారు. ఆ గొయ్యి తవ్వాల్సింది నేనే. అదెప్పుడన్నా ఆలోచించావా?"

"కాస్త లోతుగా తవ్వు. అక్కడ నక్కలు తిరుగుతాయి."

యోస్ట్ ఇంకేదో అనబోయి, సలోమా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నువ్వైనా చెప్పు వదినా. నీ మాటైతే వింటాడు."

"నలభై ఆరేళ్ళలో ఒక్కసారి విన్నాడు నాయనా. పెళ్ళికి సరేనన్నప్పుడు," అంది సలోమా. యోస్ట్ నవ్వలేదు. కోళ్ళను బండిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం సలోమా ఎన్నడూ లేనిది నోరు తెరిచి అడిగింది. బెన్యుయెల్ మొద్దు మీద రక్తం బూడిదతో రుద్దుతున్నాడు. ఆమె చేతులు గౌనుకు తుడుచుకుంటూ వచ్చి అతనికి ఎదురుగా నిలబడింది.

"నాకు ఎవరిది తప్పో అక్కర్లేదయ్యా. నీ పక్కన కూర్చుని తినాలనుంది. పిల్లలా జెల్లలా మనకి. ఒంటరిగా మేడెక్కి పడుకోలేకపోతున్నా. చచ్చేలోగా ఒక్కపూటన్నా ఒక బల్ల మీద తిందాం. నా కోసం అవునను. దేవుడికి నేను చెప్పుకుంటాలే."

అతను రుద్దడం ఆపాడు.

"ఆ రోజు నువ్వు కూడా తలూపావుగా," అన్నాడు.

ఏడేళ్ళలో ఈ మాట అతని నోట రాలేదు. తెలియదేమో, మగవాళ్ళ వైపు నుంచి కనబడలేదేమో అనుకుని ఆమె ఇన్నాళ్ళూ బతికింది. తను ఊపకపోతే తననూ వెలి వేసేవారని, అప్పుడు ఈ ఇంటి గుడ్లు ఊళ్ళో పుచ్చుకునే దిక్కు కూడా ఉండేది కాదని చెప్పాలనుకుంది. కానీ సిగ్గు ముందు వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. గిరుక్కున తిరిగి వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. అతను కొట్టం వైపు వెళ్ళడం కిటికీలోంచి చూసింది. పిలవలేదు.

పిండి పిసికింది. పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. మనసు మాత్రం ఆ మాట దగ్గరే తిరుగుతోంది. ఇన్నేళ్ళు కడుపులో దాచుకుని, నేను నోరు తెరిచిన రోజే కక్కాడు కదా అనుకుంది. ఇంకా ఏమేమి దాచాడో అనుకుంది. కళ్ళనీళ్ళు పిండిలో పడుతుంటే మోచేత్తో తుడుచుకుంది.

మూడు దాటాక గుమ్మం దగ్గర అలికిడయింది. తలుపు తీసింది. బెన్యుయెల్ గుమ్మం కింద నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి పక్కకు వేలాడుతోంది. ఎడమచేత్తో బుట్ట ముందుకు చాపాడు, ఆమె పొట్టకు తగిలేంత దగ్గరగా. నాలుగు గుడ్లున్నాయి అందులో. సాయంత్రం పూట అన్ని కూడా పెట్టవు.

ఇట్లా చాపడం కొత్త కాదు. మొదటి రెండేళ్ళలో ఆటపట్టించడానికి చాపేవాడు, 'తీసుకోవే, ఎవరూ చూడట్లేదు' అంటూ. ఆమె ఏడ్చిన రోజున మానేశాడు. ఇన్నాళ్ళకు మళ్ళీ మొదలెట్టాడు, అది కూడా ఈ రోజున. సలోమా బుట్టనే చూసింది. అతని మొహం చూడటం ఆమె ఎప్పుడో మానుకుంది, చూస్తే చేతులు తమంతట తామే ముందుకు పోతాయని.

"కింద పెట్టు," అంది.

చెయ్యి అట్లాగే ఉంది. గుడ్లు ఒకదానికొకటి తగిలి చిన్నగా చప్పుడవుతున్నాయి. పైన అతని నోట్లోంచి ఏదో అనబోతున్న చప్పుడు, ముద్దగా, మాట కానిది. వెక్కిరిస్తున్నాడనుకుంది.

"బుట్ట కింద పెట్టు. నీకు మొండితనం ఉంటే నాకు మాత్రం లేదా?"

వెనక్కి తిరిగింది. తను చూడకపోతే అతనే పెట్టి పోతాడని పొయ్యి దగ్గరికి నాలుగడుగులు వేసింది. రొట్టె పెనం జరిపింది. అప్పుడు రాయి మీద బుట్ట పడిన చప్పుడు, ఆ వెంటనే మనిషి పడిన చప్పుడు.

తిరిగి వచ్చేసరికి బెన్యుయెల్ మెట్ల పక్కన ఒరిగి ఉన్నాడు. మూతి ఒక వైపుకు లాగేసింది. ఒక కన్ను ఆమెను చూస్తోంది. రెండోది చూడటం లేదు. సలోమా కూలబడి అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ఏడేళ్ళ తర్వాత అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది, అందులో ఇప్పుడు ఏమీ లేదు. "బెన్, బెన్" అని పెళ్ళయిన కొత్తలో పిలిచినట్టు పిలిచింది. తర్వాత పరుగెత్తి వెళ్ళి పొలంలో వాళ్ళను భోజనానికి పిలిచే గంట తాడు లాగింది. వేళ కాని వేళ గంట వినబడితే ఏం జరిగిందో మావాళ్ళకు తెలుసు.

అరమైలు అవతల నుంచి యోస్ట్ బండి కూడా కట్టకుండా పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే అయిపోయింది.

ఇద్దరూ కలిసి అతన్ని లోపలికి మోసి, మంచం మీద పడుకోబెట్టారు. యోస్ట్ అన్న కళ్ళు మూశాడు. కుర్చీలో కూర్చుని పసివాడిలా ఏడ్చాడు. ఏడ్చి, మొహం తుడుచుకుని, సలోమా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"వదినా, చివర్లో ఏమన్నా అన్నాడా? బాధపడుతున్నానని, తప్పయిందని, ఒక్క మాట? నీతో అన్నా చాలు. నువ్వు చెబితే బిషప్పు నమ్ముతాడు. అమ్మ పక్కనే పెట్టుకోవచ్చు అన్నని."

సలోమా అతని మొహంలోకి చూసింది. ఒక్క అబద్ధం ఆడితే చాలు, బెన్యుయెల్ తల్లి పక్కన పడుకుంటాడు. యోస్ట్ కంచె వార గొయ్యి తవ్వక్కర్లేదు. ఆమె నోరు తెరిచింది కూడా. పిల్లలు బతికినందుకు బాధ లేదన్న మనిషి, ఆ ఒక్క అబద్ధం ఆడలేక ఏడేళ్ళు వేరే బల్ల మీద తిన్న మనిషి, రెండు బారల దూరంలో పడుకుని ఉన్నాడు.

"ఏదో అనబోయాడు నాయనా. నేను వినిపించుకోలేదు," అంది. "చెయ్యి చాపాడు. ఒక పక్కంతా పడిపోయి, వంగి బుట్ట కింద పెట్టలేకపోయాడు. నేను అందుకోలేదు. కింద పెట్టమని రెండుసార్లు చెప్పాను. నియమం తప్పలేదు నేను. ఇదే చెప్పు బిషప్పుకి, ఈ మాటే చెప్పు."

యోస్ట్ తల దించుకుని బయటికి వెళ్ళాడు, పెట్టె చేసేవాళ్ళకు కబురు పెట్టడానికి.

వెలుతురు తగ్గుతోంది. ఎవరు పోయినా కోళ్ళ తలుపు వేయాలి, లేకపోతే నక్క వస్తుంది. సలోమా మెట్లు దిగింది. రాయి మీద పగిలిన గుడ్లను దాటుకుని కొట్టానికి వెళ్ళింది. లోపల బెన్యుయెల్ పొద్దున పరిచిన కొత్త గడ్డి వాసన. చాలా కోళ్ళు నిద్రకు దండె కర్ర ఎక్కి సర్దుకుంటున్నాయి. బయట గడ్డి ఎండిపోయే రోజులొచ్చాయి కదా, ఈ మధ్యాహ్నం అతను చేసిన పని అదన్నమాట, కోళ్ళు పచ్చిది పొడుచుకు తినేందుకు దూలానికి తాడు కట్టి ఒక క్యాబేజీ వేలాడదీశాడు. ముడి వదులుగా, వంకరగా ఉంది, ఒంటి చేత్తో వేసింది. సగం తినేసిన ఆ క్యాబేజీ, దండె ఎక్కని ఆ ఎర్రకోడి ఎగిరి పొడిచినప్పుడల్లా, తాడు చివర అటూ ఇటూ ఊగుతోంది.