మాస్కు తీయను

ఓప్‌డాల్ తన కొత్త ట్రక్కును ఐస్ హాకీ రింకు పెద్ద తలుపు దాకా తెచ్చాడు. అంతటితో ఆగకుండా ఐసు మీదికే ఎక్కించబోయాడు. రింకు చూసుకునే స్టెఫా అత్త చేతిలో పారతో ఎదురుగా వచ్చి నిలబడింది.

“టైరు ఐసుకి తగిలిందంటే నాలుగింటికీ గాలి తీసేస్తాను. పొద్దుట్నించీ నీళ్ళు పోసి నున్నగా చేసింది నేను, నువ్వు కాదు.”

ఓప్‌డాల్ పెద్దమనిషి నవ్వొకటి నవ్వి ఇంజను ఆపాడు. బండి ముక్కు మాత్రం తలుపులో ఇరుక్కున్నట్టు లోపలికి కనిపిస్తూ ఉండిపోయింది. బెంచీ మీద కూర్చుని కాళ్ళకు ప్యాడ్లు బిగించుకుంటున్న ఒక్సానా తల వంచుకుని నవ్వు ఆపుకుంది.

ఒక్సానా సరిహద్దుకు అవతల, అమెరికాలోని యూనివర్సిటీ అమ్మాయిల ఐస్ హాకీ టీముకు గోల్‌కీపర్. ఓప్‌డాల్‌ ట్రక్కుల షోరూము ఆ యూనివర్సిటీకి అయిదు నిమిషాల దూరం. అయినా ఆ పిల్లతో ప్రకటన తీయడానికి నాలుగు గంటలు బండి నడిపి కెనడాలో, మానిటోబాలోని ఈ ఊరు రావలసి వచ్చింది. స్టూడెంట్ వీసా మీదున్న అమ్మాయి ఆ గడ్డ మీద నిలబడి ప్రకటన డబ్బు తీసుకుంటే వీసాకే ఎసరు వస్తుంది. సెలవుల్లో సొంతూరికి వచ్చి, సొంతూళ్ళోనే నిలబడి చేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మగపిల్లలకు మూడేళ్ళుగా ఇలాంటి డబ్బు దండిగా అందుతూనే ఉంది. డబ్బు చూపించి పక్క కాలేజీల కుర్రాళ్ళను గద్దల్లా తన్నుకుపోతున్నారు కూడా. అమ్మాయిల టీములో ఆ పిలుపు వచ్చింది మొదట ఒక్సానాకే.

అందుకే కోచ్ మార్ష పొద్దున్నే మెసేజి పెట్టింది. “మన టీముకి తెరుచుకున్న మొదటి తలుపు ఇతను. నీ నోటితో మూసెయ్యకు.”

కోచ్ భయం కోచ్‌ది. ఒక్సానా నోటి సంగతి ఆమెకు తెలుసు.

ఓప్‌డాల్ వెంట రస్ అని ఒకడే వచ్చాడు. కెమెరా, లైట్లు, సామాను మోత అన్నీ అతనే. బల్ల మీద అతను ఒక సంచి పెట్టి సిగ్గుపడుతూ పక్కకు జరిగాడు. ఓప్‌డాల్ అందులోంచి తెల్లటి ఉన్ని స్వెటరొకటి, రంగుల పెట్టె ఒకటి తీశాడు.

“మా ఆవిడ పంపింది. ఆ ప్యాడ్లూ అవీ విప్పేసెయ్ అమ్మాయ్. జుట్టు వదులుగా వేసుకుని, పెదాలకు కాస్త రంగు పూసుకుని ట్రక్కుకి ఆనుకుని నిలబడు. ‘నాలాంటి ఆడపిల్ల కూడా నడపగల బండి’ అను చాలు. పది నిమిషాల పని.”

“మాస్కు?” అంది ఒక్సానా.

“మాస్కు ఉంటే మొహం ఎలా కనిపిస్తుందమ్మా?”

“మగపిల్లల గోల్‌కీపర్ కార్సన్‌తో తీశారుగా. అతని మొహం కనిపించిందా?”

ఓప్‌డాల్ రస్ వైపు చూశాడు. రస్ లైటు స్టాండు వైపు చూశాడు. కార్సన్ ప్రకటన రాష్ట్రమంతా చూసింది. తల నుంచి కాలి దాకా కవచంతో, మాస్కు చాటున రెండు కళ్ళు మాత్రమే కనబడుతూ, ట్రక్కు మీద కూర్చున్నాడు కుర్రాడు. అందరూ సింహం అన్నారు. ఆ సింహానికి ముక్కుందో లేదో ఎవరూ అడగలేదు. అతనికి ఇచ్చింది ఎనిమిది వేల డాలర్లు. ఒక్సానాకు ఇస్తానన్నది రెండు.

“అతని సంగతి వేరు,” అన్నాడు ఓప్‌డాల్.

ఒక్సానాకు ఒళ్ళు మండిపోయింది. పక్కనున్న తన గోల్‌కీపర్ మాస్కు అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. దాని నుదుటి మీద ఊరి ధాన్యం గిడ్డంగి బొమ్మ ఉంది. అసలు గిడ్డంగిని కూల్చేసి ఆరేళ్ళయింది, ఇప్పుడది ఇక్కడొక్కచోటే నిలబడి ఉంది. మూడేళ్ళ కిందట, నోట్లోంచి మాట బయటికి రాగానే గడ్డకట్టే చలిలో, కోచ్ మార్ష ఇదే రింకుకు వచ్చి అద్దం వెనక కాఫీ పట్టుకుని రెండు ఆటలు నిలబడి చూసింది. తర్వాత గేటు దగ్గర ఆపి, మాస్కు తీయమని కూడా అనకుండా, “ఎడమ భుజం ముందే ఎందుకు వాలుతోంది నీకు?” అని అడిగింది. తన ఆట చూడటానికే ఒక మనిషి అంత దూరం వచ్చిందన్న ఆనందంతో ఒక్సానా ఆ రోజంతా అన్నం తినలేదు. ఆ రోజు పనికొచ్చిన మాస్కు ఈ రోజు అడ్డమైంది.

“నేను తీయను,” అంది.

“అయితే బండెక్కి పోతాను. మీ కోచ్‌కి నువ్వే చెప్పుకో.”

కోచ్ మెసేజి గుర్తొచ్చింది. తను కాదంటే ఇంకో అమ్మాయిని ఎవరూ అడగరు. ఔనంటే, ఇక మీదట అందరినీ ఆ స్వెటరే తొడుక్కోమంటారు.

అప్పుడు ఆమె కళ్ళు ట్రక్కు వెనక సీటు మీద పడ్డాయి. అక్కడ ఐసు మీద జారే స్కేట్లు ఒక జత ఉన్నాయి, కొత్త టేపు చుట్టిన స్టిక్కు ఉంది. తన ప్రకటనలో తనూ ఒక మూల కనిపించాలని సరదా పడి తెచ్చుకున్నాడు మహానుభావుడు.

“మీరు కూడా ఆడేవారంట కదా మన యూనివర్సిటీకి?”

ఓప్‌డాల్ ఛాతీ కాస్త పొంగింది. “ఎనభై ఎనిమిదిలో ఒక్క ఆటలో మూడు గోల్స్ కొట్టాను. అడుగు ఎవర్నైనా.”

“మిమ్మల్నే అడుగుతున్నా. పది షాట్లు కొట్టండి. ఒక్కటి లోపలికెళ్ళినా స్వెటరు వేసుకుంటా, రంగు పూసుకుంటా, మీరు రాసిచ్చిందే చెప్తా. ఒక్కటీ వెళ్ళకపోతే మాస్కు ఉంటుంది, మాట నాది, డబ్బు కార్సన్‌కి ఇచ్చినంత.”

“చిన్నపిల్లవి. నీతో పందెమేంటి?”

“అవునులే అయ్యా,” అంది స్టెఫా అత్త, పార మీద గడ్డం ఆనించి. “మోకాళ్ళు నొప్పులేమో. మా ఊళ్ళో ఎవరికీ చెప్పంలే.”

ఓప్‌డాల్ వెంటనే స్కేట్లు కట్టుకున్నాడు.

అరవై దగ్గర పడ్డవాడే గాని ఐసు మీద నిలబడటం మరిచిపోలేదు. నల్లటి రబ్బరు పక్కులు పది వరసగా పేర్చి మొదటిది నేల బారున కొట్టాడు. ఒక్సానా ప్యాడుతో తోసేసింది. రెండోది, మూడోది చేతి తొడుగులో పడ్డాయి. నాలుగోది కొట్టేటప్పుడు అతనికి చెమట పట్టింది, ఆరోది కొట్టేటప్పుడు కోపం వచ్చింది. కోపంలో షాటు బాగుపడింది. ఏడోది ఆమె చేతిని దాటి గోలు ఇనప కమ్మికి ఖంగున తగిలి వెనక్కొచ్చింది. ఒక్సానా ఆ కమ్మిని ఇంటి కుక్కను నిమిరినట్టు నిమిరి మళ్ళీ వంగింది. ఎనిమిదోది గోలు పక్క నుంచి పోయింది. తొమ్మిదోది ఆమె కాళ్ళ కింద చిక్కుకుంది. అది గోలు గీత దాటిందేమోనని కొట్టినవాడూ, ఆపినామే, స్టెఫా అత్తా ముగ్గురూ వంగి చూశారు. వేలెడంత ఇవతలే ఆగింది.

రింకు క్యాంటీనులో బంగాళదుంప కూరిన పెరోగీలు చేస్తున్న ఆడవాళ్ళు పిండి చేతులతోనే అద్దం దగ్గరికొచ్చి నిలబడ్డారు. రస్ ఎవరూ చెప్పకుండానే కెమెరా తిప్పుతున్నాడు.

పదోది ఓప్‌డాల్ దూరం నుంచి కొట్టలేదు. పక్కును స్టిక్కుతో తోసుకుంటూ నేరుగా మీదికొచ్చాడు. కుడి వైపు కొట్టబోయినట్టు భుజం వంచాడు. ఒక్సానా నమ్మింది, కుడి వైపు పడిపోయింది. పడుతూనే మోసపోయానని తెలుసుకుంది. అతను తీరిగ్గా పక్కును ఎడమ వైపు పైకి లేపాడు. అక్కడికి చెయ్యి అందదు, కాలూ అందదు. మిగిలింది తలకాయ ఒక్కటే, దాన్నే అడ్డం పెట్టేసింది.

టంగుమంది. పక్కు ఎగిరి వల వెనక పడింది.

ఒక్సానా చెవుల్లో గంట మోగుతూనే ఉంది. మోకాళ్ళ మీద లేచి, చేత్తో మాస్కు తడిమి చూసుకుంది. నుదుటి మీద గిడ్డంగి కప్పు దగ్గర రంగు పెచ్చు లేచింది.

“బాగున్నావా అమ్మాయ్?” అన్నాడు ఓప్‌డాల్. ఆ రోజు అతను మనస్ఫూర్తిగా అన్న మొదటి మాట అదే.

“బాగున్నా. కెమెరా నడుస్తోందా?”

“ఆపలేదు,” అన్నాడు రస్.

ఒక్సానా స్కేట్ చేసుకుంటూ వెళ్ళి ట్రక్కు ముక్కు పక్కన నిలబడింది. మాస్కు సర్దుకుంది. కెమెరా వైపు తిరిగి, పక్కింటివాళ్ళతో మాట్లాడినంత మామూలుగా చెప్పింది.

“ఈ బండి అమ్మేది ఓప్‌డాల్ గారు. ఇవాళ నా మీద పది షాట్లు కొట్టారు. ఒక్కటీ వెళ్ళలేదు. పదోది ఇదిగో, ఇక్కడ తగిలింది. ఈ మాస్కు తీసెయ్యమని అడిగింది కూడా ఆయనే. బండి మాత్రం మంచిదే.”

అద్దం అవతల ఆడవాళ్ళు పిండి చేతులతో నోళ్ళు మూసుకున్నారు. స్టెఫా అత్త మూసుకోలేదు, పకపకా నవ్వింది.

ఓప్‌డాల్ మొహం కందగడ్డయింది. “మళ్ళీ తియ్యి రస్. ఆ చివరి మాటలు లేకుండా.”

“మళ్ళీ అంటే మళ్ళీ పదీ కొట్టాలి,” అంది ఒక్సానా. “అత్తా, పక్కులు ఏరి పెడతావా?”

“ఎంతసేపు,” అంటూ స్టెఫా అత్త పార కింద పెట్టింది.

ఓప్‌డాల్ చేతిలోని స్టిక్కు వంక చూశాడు. స్టెఫా అత్త ఏరుతున్న పక్కుల వంక చూశాడు. తర్వాత ఆ పెచ్చులేచిన మాస్కు వంక చూసి, స్టిక్కును ట్రక్కు వెనక సీట్లో పడేశాడు. ఒప్పందం కాగితాలు తెచ్చి, బానెట్టు మీద పెట్టి, రెండు వేలు కొట్టేసి ఎనిమిది అని రాశాడు. “ఎనభై ఎనిమిదిలో నువ్వు లేవు, నా అదృష్టం,” అని గొణిగాడు.

ఒక్సానా మాస్కు తీయకుండానే సంతకం పెట్టింది. స్వెటరు మడిచి, రంగుల పెట్టెతో పాటు సంచిలో పెట్టి అతని చేతికిచ్చింది.

“మా టీములో ఇంకా ఇరవై ఇద్దరున్నారు,” అంది. “ఈసారి వచ్చేటప్పుడు ఇది తేకండి. స్కేట్లు తెచ్చుకోండి.”