నొక్కని మీట

ఆ హెల్ప్‌లైన్ ఆఫీసులో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. అందరికీ డాక్టరమ్మే. సూదిమందు వేసే డాక్టరు కాదు లెండి, చూపు లేనివాళ్ల కంప్యూటర్లకు జబ్బు చేస్తే ఫోనులోనే నయం చేసే డాక్టరు. ఆవిడకీ చూపు లేదు. పదకొండేళ్లుగా అదే కుర్చీ, కిటికీ పక్కన అదే బల్ల. తెర మీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటుంటుంది, స్క్రీన్ రీడర్ అంటారు. ఏ మీట నొక్కితే ఆ మీట పేరు కూడా పైకి చెప్పేస్తుంది, కడుపులో మాట దాచుకోవడం దానికి తెలీదు. అది మొరాయించిందంటే చూపు లేని మనిషికి ఆ పూట పని బందు. అప్పుడు డాక్టరమ్మకి ఫోను.

ఆవిడ నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. "గోడ దగ్గర స్విచ్చి వేశావా నాయనా? వెయ్యలేదూ? ముందది వేసి, ఆ తర్వాత కంప్యూటర్ని తిట్టు" అనేది. ఎవరు ఫోను చేసినా మొదటి మందు మాత్రం ఒకటే. "హెడ్‌ఫోన్ పీకెయ్. ఫోను స్పీకరు దగ్గర పెట్టు. అదేం వాగుతోందో నన్ను విననీ." ఈ మాట ఎన్ని వేలసార్లు అనుంటుందో లెక్కలేదు. దానివల్ల ఒక మనిషి మీదికి ముప్పు వస్తుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆ మంగళవారం పదకొండు గంటలకు టైపు పిల్ల ఫోను చేసింది. ఆసుపత్రుల్లో డాక్టర్లు రికార్డు చేసి పంపే మాటల్ని ఇంట్లో కూర్చుని టైపు చేసిపెట్టే అమ్మాయి కాబట్టి ఆఫీసులో ఆ పేరు పడింది. ఇరవై ఆరేళ్లుంటాయి. అమ్మానాన్నా పోయారు, అన్నావదినల దగ్గర ఉంటోంది. అన్న సంగతి అడిగితే "మంచివాడేనక్కా" అనేది, కానీ ఆ 'మంచివాడే' అనడానికి ముందు ఒక క్షణం ఆగేది. ఆ ఆగడం డాక్టరమ్మకి మొదట్నించీ నచ్చలేదు.

"అక్కా, గొంతు నెమ్మదిగా అయిపోతోంది. నేను వేగం తొంభై పెట్టుకుంటాను. స్నానం చేసొచ్చి వింటే నలభై మీద ఉంటుంది. ఇలా అవడం ఇది మూడోరోజు."

అలవాటున్న చెవికి తొంభై మీద కూడా ప్రతి మాటా స్పష్టంగా తెలుస్తుంది. అలవాటు లేనివాళ్లకి రేకుల కప్పు మీద వడగళ్లు పడ్డట్టు ఉంటుంది, ఒక్క ముక్క అర్థం కాదు. టైపు పిల్ల అన్న కూడా మొదట్లో అది విని పడీపడీ నవ్వాడట. చూపు లేనివాళ్లకి ఇంట్లో గుట్టు అంటూ ఏదైనా మిగిలిందంటే, అది ఆ వేగం పుణ్యమే.

"ఇంట్లో పిల్లి ఉందా?" అంది డాక్టరమ్మ.

"లేదక్కా."

"అయితే పిల్లి తొక్కలేదు. సెట్టింగులు సేవ్ చేశావా? చేశావు. ఆపేసి మళ్లీ ఆన్ చేశావా? అదీ చేశావు. నువ్వు నా దగ్గర బాగానే నేర్చుకున్నావు. సరే, హెడ్‌ఫోన్ పీకెయ్, ఫోను స్పీకరు దగ్గర పెట్టు. నువ్వు ఆఖరున వాడింది ఏదో అది చదివించు."

అటునుంచి టేబుల్ ఫ్యాను చప్పుడు వినబడుతోంది. ఆ పిల్ల గొంతు తగ్గించి చెప్పింది. "ఆఖరున చదివింది ఒక ఉత్తరమక్కా. వేరే ఊళ్లో ఉద్యోగం ఇచ్చారు, హాస్టలు కూడా వాళ్లదే. గురువారం పదింటికి మా వీధి మలుపులోకి వాళ్ల కారు వస్తుంది. అన్నయ్యకి చెప్పలేదు. పోయినేడు కూడా ఇలాగే ఒకటొచ్చింది. నాకు అక్కర్లేదని నా మెయిల్లోంచే జవాబు వెళ్లిపోయింది. నేను రాయలేదక్కా. కంప్యూటరు తప్పు అన్నాడు అన్నయ్య."

"ఆహా! మీ కంప్యూటరు జవాబులు కూడా రాస్తుందన్నమాట" అంది డాక్టరమ్మ. మాట వెటకారంగానే వచ్చింది కానీ, వెంటనే గొంతు మార్చి అడిగింది. "ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. వదిన పుట్టింటికెళ్లింది. అన్నయ్య తొమ్మిదింటికే వెళ్లిపోయాడు."

"అయితే భయం దేనికి? చదివించు."

ఉత్తరం మొదలైంది. వేగం నలభై. గురువారం, పది గంటలు, మలుపులో మందుల షాపు, కారు రంగు, తీసుకెళ్లే ఆవిడ ఫోను నంబరు. నట్టింట్లో నిలబడి ఎవరో తీరుబడిగా చాటింపు వేసినట్టు, ఒక్కొక్క మాటా ఆ గదిలో పడింది.

సగం విన్నాక డాక్టరమ్మకి లెక్క తట్టింది. మీట ఇరుక్కుపోతే వేగం సున్నా దాకా పోవాలి. సెట్టింగు పోతే యాభైకి రావాలి, అది కంపెనీవాడు పెట్టి పంపే వేగం. మూడు రోజులూ సరిగ్గా నలభై దగ్గరే ఎందుకు ఆగింది? అక్కడ ఆగాలని ఒకరు అనుకున్నారు కాబట్టి. మామూలు చెవికి మాటలు అర్థమయ్యే వేగం అది. తెర చదవాలంటే దగ్గరికి రావాలి, హెడ్‌ఫోన్ తీసినప్పుడు గొంతయితే గది మూలకి కూడా వినబడుతుంది. ఈ పిల్ల ఏం చదువుతోందో వినడానికి ఎవరో గొంతు వేగాన్ని తగ్గించుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు స్పీకర్లోంచి ఆ గొంతు ఉత్తరం ఆపి, వేరే మాట చెప్పింది.

"డిలీట్."

"నువ్వు నొక్కావా?" అంది డాక్టరమ్మ.

"లేదక్కా. రెండు చేతులతో ఫోను పట్టుకుని ఉన్నాను."

ఆ గదిలో ఇంకో చెయ్యి ఉందని డాక్టరమ్మకి తెలిసిపోయింది. నోరు పారేసుకోవడంలో ఆవిడకి పేరుంది కానీ, నోరు కట్టేసుకోవడం కూడా ఆ రోజే తెలిసొచ్చింది. నవ్వు తెచ్చిపెట్టుకుని గట్టిగానే అంది. "ఏదో వైరస్సులే తల్లీ. హెడ్‌ఫోన్ మళ్లీ తగిలించి చెవులకి పెట్టుకో. నేనే నీ కంప్యూటర్లోకి వస్తాను."

అలా దూరం నుంచి ఇంకొకరి కంప్యూటర్లోకి వెళ్లే దారి ఒకటుంది. ఇద్దరూ ఒకే నంబరు కొడితే చాలు. అక్కడ వినబడేది ఇక్కడా వినబడుతుంది, ఇక్కడ కొట్టింది అక్కడా పడుతుంది. టైపు పిల్ల నంబరు కొట్టింది. డాక్టరమ్మ ఎడమ చెవికి ఫోను, కుడి చెవికి ఆ గది కంప్యూటరు పెట్టుకుని చకచకా మూడు పనులు చేసింది. ఆ తెరని పూర్తిగా నల్లగా చేసేసింది, చూపు లేనివాళ్లు పక్కవాళ్ల కంట పడకుండా పనిచేసుకోడానికి ఆ వీలుంది. వేగం తొంభై అయిదుకి పెంచింది. ఖాళీ కాగితం తెరిచి కొట్టింది: 'మీ అన్న నీ వెనకే ఉన్నాడు. తిరక్కు. ఉత్తరంలో విన్నదంతా నాకు గుర్తుంది.'

కుడిచెవిలో అది వడగళ్లలా గడిచిపోయింది. వెంటనే ఆ పిల్ల కొట్టిన మీటలు వినబడ్డాయి. మొత్తం ఎంచుకుంది, చెరిపేసింది. అర్థమైంది తల్లికి.

"తెర ఆరిపోయిందేంటమ్మా?" ఎడమచెవిలో మగ గొంతు. మెత్తగా, ముద్దుగా ఉంది.

"అన్నయ్యా! ఎప్పుడొచ్చావు?"

"ఇప్పుడేనమ్మా."

తలుపు చప్పుడు కాలేదు. అడుగుల చప్పుడూ లేదు. మూడు రోజులుగా ఆ మనిషి తొమ్మిదింటికి వెళ్లినట్టే వెళ్లి, ఆ గదిలోనే ఊపిరి బిగబట్టి నిలబడుతున్నాడు కాబోలు. డాక్టరమ్మ తనని తనే తిట్టుకుంది. హెడ్‌ఫోన్ పీకమన్నది తను. గట్టిగా చదివించమన్నది తను.

"ఆ ఫోను పెట్టెయ్. ఇలా లే, కంప్యూటరు సంగతి నేను చూస్తాను" అన్నాడతను.

"పెట్టేశానన్నయ్యా."

పెట్టలేదు. ఆ పిల్ల ఫోను తెర కూడా ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఇన్నేళ్లూ అలాగే చూసిన అన్నకి, మాట్లాడుతున్న ఫోనుకీ ఆపేసిన ఫోనుకీ తేడా ఎలా తెలుస్తుంది?

కుర్చీ కిర్రుమంది. కుడిచెవిలో మొదలైంది. 'తొంభై. ఎనభై అయిదు. ఎనభై.' తెలిసిన చెయ్యే, తడుముకోకుండా తగ్గించుకుంటూ వచ్చి నలభై దగ్గర ఆగింది. హెడ్‌ఫోన్ తగిలించి ఉంటే గొంతు బయటికి వినబడదు, అంటే అది ఇప్పుడు అన్న చెవుల మీద ఉంది. ఆ రెండు చెవులూ మూసుకుపోయాయి. డాక్టరమ్మ బుర్ర అప్పుడు పరుగు తీసింది.

'వినియోగదారులకు నమస్కారం' అని కొట్టింది. 'మీ తెర ఆరిపోయింది. వెలగడానికి ఇరవై మెట్లున్నాయి. ప్రతి మెట్టూ చివరిదాకా వినండి. హెడ్‌ఫోన్ తీస్తే మొదటికొస్తుంది. ఒకటో మెట్టు: ట్యాబ్ మీట నలభైసార్లు నొక్కండి.'

'ట్యాబ్. ట్యాబ్. ట్యాబ్.' బుద్ధిగా నొక్కుతున్నాడు.

"అమ్మాయ్, మాట్లాడకు, విను" అని ఎడమవైపు గుసగుసగా చెప్పింది. "కర్ర ఎక్కడుంటే అక్కణ్నించి తీసుకో. బ్యాగు వద్దు, ఏమీ వద్దు. చెప్పులు చేత్తో పట్టుకో. నడువు."

వట్టికాళ్ల చప్పుడు. గడియ. ఆ గడియ తియ్యడానికి ఒక యుగం పట్టింది. కుడిచెవిలో రెండో మెట్టు. కింది బాణం, పాతికసార్లు. ఆవిడ వేళ్లు మెట్ల మీద మెట్లు కడుతూనే ఉన్నాయి. ఎవరినీ ఎన్నడూ బతిమాలని మనిషి, ఆ మీటల్ని బతిమాలుకుంది.

ఎడమచెవిలో వీధి వినబడింది. హారన్లు, కర్ర టకటకా. ఆరో మెట్టు. ఏడో మెట్టు సగంలో కుడిచెవి మూగబోయింది. బాణం లేదు, ట్యాబ్ లేదు.

"ఆగకు తల్లీ! మందుల షాపు దాకా వచ్చావా? అక్కడ ఆగే బస్సేదైనా సరే, ఎక్కెయ్!"

వెనకెక్కడో ఆ మెత్తని గొంతే, ఇప్పుడు మెత్తదనం లేకుండా పిలుస్తోంది. కర్ర చప్పుడు పరుగందుకుంది. ఎవరో "ఇటమ్మా, ఇటు, చెయ్యివ్వు" అన్నారు. బస్సు తలుపులు మూసుకున్నాయి.

"ఎక్కానక్కా" అంది టైపు పిల్ల. అని భోరుమంది. డాక్టరమ్మ కూడా ఆఫీసులో అందరి ముందూ ఏడ్చేసింది.

ఉత్తరంలో విన్న నంబరుకి డాక్టరమ్మ ఫోను చేసి చెప్పడంతో గురువారం కారు ఆ మలుపులోకి వెళ్లలేదు, హెల్ప్‌లైన్ ఆఫీసు ముందుకొచ్చింది. రెండు రాత్రులు డాక్టరమ్మ ఇంట్లో ఉన్న టైపు పిల్ల అందులో వెళ్లిపోయింది. ఉద్యోగం బాగుంది, హాస్టలు బాగుంది, రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. పోలీసులకి కంప్లయింటు ఇచ్చారు. చెల్లెలి కంప్యూటరు బాగుచెయ్యబోయానని చెప్పాడట అన్న. వాళ్లు నవ్వి పంపేశారట. డాక్టరమ్మ ఇప్పుడు హెడ్‌ఫోన్ పీకమనే ముందు ఒక ప్రశ్న అడుగుతోంది. గదిలో నువ్వొక్కదానివేనా? చెయ్యి చాపి చుట్టూ తడిమి చూసి చెప్పు.

కానీ రోజూ పదకొండు గంటలకు ఆవిడ బల్ల మీదికి ఒక ఫోను వస్తోంది. అవతల ఎవరూ మాట్లాడరు. టేబుల్ ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఆ ఇంట్లోనే ఉండిపోయిన కంప్యూటరు గొంతు ఏదో ఒకటి చదువుతూ ఉంటుంది. ఎవరో దాని ముందు కూర్చుని వింటుంటారు. డాక్టరమ్మ ఆ నంబరు రాకుండా ఆపించింది, ఇంకో నంబరు నుంచి వచ్చింది.

మొదటి వారం వేగం నలభై. ఆ చెవికి చెప్పక్కర్లేదు, వినగానే అంకె తెలిసిపోతుంది. రెండో వారం యాభై అయిదు. నెల తిరిగేసరికి డెబ్భై. ఒక పేరా చదవగానే ఆగుతుంది, మళ్లీ అదే పేరా ఇంకొంచెం వేగంగా మొదలవుతుంది. అతను నేర్చుకుంటున్నాడు.

టైపు పిల్లకి ఈ సంగతి చెప్పలేదు. నిద్రలో కూడా ఉలిక్కిపడే పిల్లకి ఏమని చెప్తుంది? "ఎవరు పక్కనున్నా సరే, హెడ్‌ఫోన్ మాత్రం తియ్యకు" అని రోజూ చెప్తోంది. "అదేంటక్కా, తొంభై మీద ఎవరికి అర్థమవుతుంది?" అని ఆ పిల్ల నవ్వుతుంది.

ఇవాళ కూడా పదకొండింటికి ఫోను మోగింది. డాక్టరమ్మ ఎత్తి, ఏమీ అనకుండా విన్నది. ఎనభై అయిదు.