పందిరి మీది వైరు

ఆ రోజు తెల్లవారుజామున కాలవ నీళ్ళను ఎర్గష్ అన్న తన తోటలోకి మళ్ళించుకున్నాడా, లేక ఆకులు అడ్డం పడి అవే ఆగిపోయాయా? ఆరేళ్ళుగా మమరసూల్‌కు ఈ సందేహం తీరలేదు. తన వంతు రోజున నీళ్ళు రాలేదన్న కోపంలో, వీధిలో నలుగురి ముందు ఆ పెద్దమనిషిని నీళ్ళదొంగ అనేశాడు. అన్న మాట వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క మట్టిగోడ. నమాజుకు నిలబడినప్పుడల్లా గోడ అవతల ఎర్గష్ దగ్గు వినిపించేది. పొరుగువాడి మనసు నొప్పించినవాడి నమాజు ఎంత పైకి వెళుతుంది? ఆ ప్రశ్నను అక్కడే వదిలేసి, నుదురు నేలకు ఆనించే సజ్దాలోకి వంగేవాడు.

ఆ గొడవకు ముందురోజు ఎర్గష్ భార్య మస్తూర పులావు పంపిన గిన్నె ఇంకా మమరసూల్ వాళ్ళ అలమరలోనే ఉంది. ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపడం మర్గిలాన్ ఊళ్ళో ఏ ఇంటా లేదు. ఏదైనా వేసి పంపడానికి అతనికి మనసు రాలేదు, ఖాళీగా పంపడానికి ముఖం చెల్లలేదు. నీలిపువ్వుల గిన్నె అలాగే ఉండిపోయింది.

ఇవాళ ఆదివారం. పదకొండు దాటి పది నిమిషాలైంది. కంప్యూటర్ తెర మీద ఒకటే మాట: ఇంటర్నెట్ లేదు.

తల్లి హూరినిసా పేరు ఎనిమిదేళ్ళు హజ్ జాబితాలో వేచి వేచి ఈ ఏడు పైకి వచ్చింది. మధ్యాహ్నం పన్నెండులోగా వైద్యుడి పత్రం పంపి, సమ్మతి తెలిపి సంతకం పెట్టాలి. లేకపోతే ఆమె వంతు తరువాతి పేరుకు పోతుంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు. వైద్యుడి పత్రం చేతికి వచ్చింది నిన్న సాయంత్రమే. హజ్ ఆఫీసుకు ఇవాళ సెలవు. సంతకం పెట్టే ఏర్పాటు ఈ కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేదు. ఇంట్లో ఉన్నవి ఇంటర్నెట్ రాని మీటల ఫోన్లు.

"ఏమండీ, ఒకసారి ఆపి మళ్ళీ పెట్టకూడదూ?" అంది భార్య జుల్హుమోర్.

"మూడుసార్లు ఆపాను. ఇంకోసారి ఆపితే నా గుండె ఆగేట్టుంది."

ఆమె ఇంటర్నెట్ పెట్టె మీద కప్పిన కుట్టుపని గుడ్డ తీసేసింది. "గాలాడక ఉడికిపోతోందేమో."

"అది పెట్టె. కొత్తకోడలు కాదు."

కంప్యూటర్ వెనక వైరు పీకి, ఊది, మళ్ళీ గుచ్చాడు. మార్పు లేదు. పెట్టె మీద మొదటి దీపం నిలకడగానే ఉంది. బయటి లైనును చూపించే రెండో దీపం మాత్రం మినుకుమంటూనే ఉంది.

మూలన జపమాల తిప్పుతున్న తల్లి మెల్లగా అంది. "ఇంటి ఫోను ఎత్తి చూడు నాయనా. రెండూ ఒకే వైరు మీద వస్తాయన్నావుగా."

ఎత్తి చెవికి పెట్టుకున్నాడు. చప్పుడు లేదు. అంటే కంప్యూటర్ తప్పు కాదు, పెట్టె తప్పూ కాదు. బయట లైనే పోయింది. మీటల ఫోనుతో కంపెనీకి చేస్తే మంగళవారం మనిషిని పంపుతామన్నారు.

లైను వచ్చేది ఎర్గష్ పెరట్లోని స్తంభం నుంచి. గోడ దాటి, వీళ్ళ ద్రాక్షపందిరి మీదుగా ఇంట్లోకి వస్తుంది.

"కోసేశాడు," అన్నాడు మమరసూల్. "అమ్మ పేరు వచ్చిందని వీధంతటికీ తెలుసు. ఓర్వలేక కోసేశాడు."

"చూశావా?" అంది తల్లి.

"చూడటం దేనికి?"

"ఆ నీళ్ళప్పుడూ ఇదే అన్నావు," అంది ఆమె.

అతను పెరట్లోకి నడిచాడు. పదకొండున్నర. శీతాకాలమంతా మట్టి కింద పడుకోబెట్టిన ద్రాక్షతీగలను నిన్ననే పైకి లేపి పందిరికి కట్టాడు. ఆ పందిరి చివర నల్లటి వైరు ముక్క వేలాడుతోంది. కొస నున్నగా తెగి ఉంది. దాని పక్కనే ఒక గుడ్డపీలిక, అదీ అదే వేటున తెగింది. తల్లి పాత గౌను చింపి అతను కట్టిన పీలికే. జారి వేలాడుతోందని నిరుడు వైరును పందిరి కర్రకు కట్టింది తనే. నిన్న పాత కట్లన్నీ వంపుకత్తితో సరసరా కోసిందీ తనే.

గోడ దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు.

"ఎర్గష్ అన్నా."

అటువైపు దగ్గు ఆగింది. "ఎవరది? గోడ మాట్లాడుతోందా?"

"నేనే, మమరసూల్‌ని."

"ఆరేళ్ళకు గొంతు ముదిరింది. ఏం, నీళ్ళు రావడం లేదా?"

"ఫోను వైరు తెగిందన్నా. నేనే కోసుకున్నాను, ద్రాక్ష కడుతూ."

"నేను కోశానని అనలేదా?"

"లోపల అన్నాను. ఇక్కడికొచ్చి చూశాక నోరు పడిపోయింది. పన్నెండులోగా అమ్మ హజ్ కాగితం పోవాలన్నా."

తరువాత నిచ్చెన గోడకు ఆనిన చప్పుడైంది. టోపీ, తెల్లగడ్డం గోడపైన కనిపించాయి. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఆఫీసులో స్తంభాలెక్కిన మనిషి. చేతిలో వైరు రెండో కొస ఉంది.

"లాగు. అందడం లేదు. ఉండు." దిగి, మూర పొడవు వైరుతో మళ్ళీ ఎక్కాడు. పైతొడుగు పళ్ళతో ఒలిచి ఉమ్మేశాడు. "రెండు పోగులు. ఏది దేనికి ముడేసినా పలుకుతుంది. మనకంటే ఇవే నయం. నీ వైపు నువ్వు మెలిపెట్టు. చెయ్యి వణక్కూడదు."

పోగు రెండుసార్లు జారింది.

"మినుకుమంటోంది," లోపలి నుంచి జుల్హుమోర్ చెప్పింది. "ఇంకా మినుకే."

"గట్టిగా తిప్పవోయ్, పిండి పిసుకుతున్నావా?"

"నిలిచింది. దీపం నిలిచిందండీ."

పరుగెత్తాడు. పదకొండు నలభై తొమ్మిది. పేజీ సగం తెరుచుకుని ఆగింది, మళ్ళీ కదిలింది. పత్రం ఎక్కింది. సంతకానికి కొట్టాల్సిన రహస్య అంకెలు ఒకసారి తప్పు కొట్టాడు. ఇంకా రెండు అవకాశాలున్నాయంది తెర. తల్లి జపమాల ఆగిపోయింది. ఒక్కొక్క అంకె పైకి చదువుతూ మళ్ళీ కొట్టాడు. పదకొండు యాభై ఆరుకు "సమ్మతి అందింది" అని వచ్చింది.

తల్లి ప్రార్థించి రెండు అరచేతులతో ముఖం తుడుచుకుంది. లేచి అలమర తెరిచి, నీలిపువ్వుల గిన్నె తీసి, తమ పందిరి ఎండుద్రాక్ష అంచుదాకా పోసింది.

"హజ్‌కు వెళ్ళే ముందు ఇరుగుపొరుగును క్షమాపణ అడగాలి. నా వంతు నేను అడుగుతాను. నీది నువ్వు అడుగు."

ఈసారి గోడ మీంచి కాదు, గిన్నె పట్టుకుని వీధి గుమ్మం నుంచి వెళ్ళాడు. ఎర్గష్ మిగిలిన వైరు చుట్టుకుంటున్నాడు.

"అన్నా, ఆ రోజు నీళ్ళు..."

"ఏ నీళ్ళు?" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

అవునో కాదో ఆ మాటలో తెలియలేదు. తెలుసుకోవాలని ఇప్పుడు అతనికీ అనిపించలేదు. "నలుగురిలో అన్నాను. నన్ను క్షమించండి. ఆ నలుగురికీ చెబుతాను."

"ముందు ఆ ముడికి టేపు చుట్టు. వాన పడితే మళ్ళీ నా మీదికే వస్తావు."

మస్తూర గిన్నెను రెండు చేతులా అందుకుంది. "ఇది పగిలిపోయిందనుకున్నాను," అంది. ఎండుద్రాక్ష పళ్ళెంలోకి వొంపి, గిన్నె కడిగి, తుడిచి, అలమరలో ఐదు నీలిపువ్వుల గిన్నెల పక్కన ఆరోదిగా పెట్టింది.