అడవికి బదులు అడవి

లాల్‌గడి మలక్‌పేట్‌లో మేకల గౌరయ్య ఇల్లెక్కడంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. ఊరి వెనకాల పశువులు మేసే గైరాన్ భూమి ఉంది. అందులో అతని తాత మేకలు మేపాడు, తండ్రి మేపాడు, తనూ మేపుతున్నాడు. ఉన్నట్టుండి ఒకనాడు ఆ భూమి చుట్టూ ఇనుపకంచె లేచింది. గేటు పెట్టారు, గేటు పక్కన ఆకుపచ్చ బోర్డు పాతారు. గోదావరి దిక్కున బొగ్గు తవ్వే కంపెనీ ఏదో అక్కడి అడవిని కొట్టేసిందట. ఒకచోట కొట్టేస్తే ఇంకోచోట పెంచాలని చట్టమట. ఆ బదులు అడవి ఇంత దూరం వచ్చి గౌరయ్య మేకల మేత మీద పడింది.

గౌరయ్య లొల్లి పెట్టుకుందామనే పోయాడు. మొక్కల కాంట్రాక్టు పట్టిన వీరేందర్ మేడ్చల్ మనిషి, మాటకారి. లొల్లి సగంలో ఉండగానే గౌరయ్యకు ఖాకీ అంగీ తొడిగి చేతిలో ఈల పెట్టాడు.

"కాకా, ఇగ ఈ అడవికి నువ్వే రక్షకుడివి. మేకలు రాకుండ సూడాలె."

"ఎవల మేకలు?"

"ఈడ మేకలున్నది నీకే గద కాకా."

అందులోని మెలిక గౌరయ్యకు తెలియక కాదు. కానీ అంగీకి ఇత్తడి గుండీలున్నాయి, జేబు మీద చెట్టు బొమ్మ ఉంది. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ రక్షకుడని పిలిచిన పాపాన పోలేదు. మర్నాడు భార్య యాదవ్వ ఎప్పటిలాగే మేకల్ని తోలుకొచ్చేసరికి గేటుకు అడ్డం నిలబడి ఈల ఊదాడు.

యాదవ్వ బిత్తరపోయింది. "నీకేమన్న గాలి సోకిందా? పొద్దుగాల వీటి పాలు పిండింది నువ్వే గద!"

"డ్యూటీల ఉన్నప్పుడు నేను నీ మొగణ్ని గాదు. వాపస్ కొట్టుకపో."

"మంచిది. డ్యూటీల ఉన్నోనికి బువ్వ గూడ గా కంపెనోడే పెడ్తడు తియ్" అని యాదవ్వ మేకల్ని చెరువు అవతలి బంజరుకు మళ్లించింది. ఆ మధ్యాహ్నం గౌరయ్యకు సద్ది రాలేదు.

మొగుడూ పెళ్లాల తగువు చూసి వాడకట్టంతా నవ్వింది. నవ్వనిది యాదవ్వ అక్క శివమ్మ ఒక్కతే. ఆమెను బొగ్గుబాయిల దిక్కు ఇచ్చారు. మామ బొగ్గెత్తే తట్టా, చెమ్మస్ పారా పట్టుకుని బాయిలో దిగినవాడు. మొగుడూ దిగాడు, దుమ్ము మింగీ మింగీ దమ్ము జబ్బుతో పోయాడు. అప్పటికి బొగ్గు కిందా ఊరు మీదా ఉండేవి. తర్వాత ఓపెన్‌కాస్టు వచ్చింది. దానికి మనిషి బాయిలోకి దిగే పనిలేదు, మీదున్న ఊరినే తవ్వి అవతల గుట్ట పోస్తారు. బొగ్గు కోసం పేల్చే బాంబులకు ఇళ్ల గోడలు పగిలితే, మీ మేస్త్రికి పని రాదన్నారు కంపెనీవాళ్లు. బావులెండితే వానదేవుణ్ని అడగమన్నారు. ఊరే లేకుండా పోయాక అడిగేవాళ్లూ లేకుండా పోయారు. కొందరికి పునరావాస కాలనీలో ఇళ్లిచ్చారు. అక్కడ కూతురు వర్షనూ అల్లుణ్నీ ఉంచి, శివమ్మ చెల్లెలి దగ్గరికి వచ్చేసింది.

ఒక సాయంత్రం గౌరయ్య అన్నం తింటూ, ఎవరి ముందు అంటున్నాడో చూసుకోకుండా గొప్పకు పోయి, "మా బోర్డు మీద రాసిండ్రు వదినె, ఇది తునికిమడుగు అడవికి బదులంట" అన్నాడు.

శివమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. "తునికిమడుగు మా ఊరే గదా, మరిదీ."

తెల్లారి ఆమె మరిది వెంట గేటు దాకా నడిచింది. వదినెను ఆపాలా వద్దా అని గౌరయ్య కాసేపు తన్నుకులాడి, మేక కాదు కదా అని వదిలిపెట్టాడు. లోపల మోకాలెత్తు కట్టెలు వరసగా నిలబడి ఉన్నాయి. ఎండల్లో నాటినవి ఎండల్లోనే పోయాయి. అక్కడక్కడ జామాయిల్ మొక్కలు మాత్రం మొండిగా తలెత్తాయి. శివమ్మ ఆ చివరి దాకా పోయి వచ్చింది.

"ఇప్పచెట్లు ఏవి మరిదీ? తునికాకు ఏది? మా దగ్గర పట్టపగలు గూడ లోపల సల్లగుంటుండె."

"పెరుగుతయి వదినె. కంపెనోళ్లు అబద్ధం రాస్తరా?" అన్నాడు గౌరయ్య. అంటున్నప్పుడే అతని గొంతు అతనికే నచ్చలేదు.

ఇంతలో తనిఖీ అన్నారు. వీరేందర్ పరేషాన్ అయి మేడ్చల్ రోడ్డు మీది నర్సరీల నుంచి ట్రాక్టర్ల నిండా ఏపుగా పెరిగిన మొక్కలు దింపించాడు.

"సంచులు విప్పకుండ్రి. గుంతల పెట్టి మీద మట్టి కప్పుండ్రి. తనిఖీ కాంగనే వాపస్ ఇయ్యాలె."

"అడవిని కిరాయికి తెచ్చినవా?" అన్నాడు గౌరయ్య.

"పెండ్లికి కుర్చీలు కిరాయికి తెస్తలేమా కాకా? గిది గూడ గంతే."

తనిఖీ ఆఫీసరు దీప మేడమ్ కారు దిగేసరికి గేటు దగ్గరి నాలుగు వరసలు కళకళలాడుతున్నాయి. అడవిలో నీడ లేదు కాబట్టి షామియానా వేశారు. మేడమ్ మంచి మనిషే. రెండు వరసల దాకా నడిచింది, ఎండకు కళ్లు తిరిగి షామియానా కింద కూర్చుంది. కొబ్బరినీళ్లు తాగుతూ, ఊరివాళ్లు ఏమంటున్నారని అడిగింది. వీరేందర్ నోరు తెరిచేలోపల శివమ్మ ముందుకొచ్చింది.

"మాది తునికిమడుగు, అమ్మా."

"అవునా! మీ అడవి మళ్లీ మీ ముందుకొచ్చింది చూశారా?"

శివమ్మ ఏదో చెప్పాలనుకుంది. మొగుడి దగ్గు గురించో, పగిలిన గోడ గురించో, చెట్ల కింద ఇప్పపూలు ఏరుకున్న పొద్దుల గురించో. ఏదీ నోటికి రాలేదు. దగ్గర్లోని మొక్కను పట్టుకుంది. అది సంచితో సహా పైకొచ్చింది. నల్ల ప్లాస్టిక్ సంచిని చేతుల్లో పట్టుకుని ఆమె బోరుమని ఏడ్చింది.

గౌరయ్యకు కాళ్లాడలేదు. మేడమ్ వెంట వచ్చిన పేపరు ఫొటోగ్రాఫర్‌కు మాత్రం చేతులు బాగానే ఆడాయి.

పేపర్లో పెద్ద ఫొటో వచ్చింది. "తన అడవిని మళ్లీ చూసి నిర్వాసిత మహిళ ఆనందబాష్పాలు. స్వయంగా మొక్క నాటిన వైనం" అని రాశారు. వెనక ఖాకీ అంగీలో గౌరయ్య కూడా ఉన్నాడు. నూటికి తొంభై మొక్కలు బతికాయని రిపోర్టు పోయింది. బతికినవన్నీ ఆ సాయంత్రమే ట్రాక్టర్లెక్కి నర్సరీకి పోయాయి. కంచె అవతలి వెంచరువాళ్లు "అడవి పక్కన ప్లాట్లు" అని ఫ్లెక్సీలు కట్టారు. వాడకట్టు ఆడవాళ్లు పేపరు పట్టుకుని శివమ్మను చూడటానికి వస్తే ఆమె పెరట్లోకి పోయి కూర్చుంది.

వానలు పడ్డాక వీరేందర్ మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"కాకా, మీ వదినె ఫొటో పుణ్యమా అని కంపెనీకి ఇంకో గనికి పర్మిషన్ దొరికింది. మనకు ఇంకో అడవి. చెరువు అవతలి బంజరు ఇచ్చిండ్రు. నీకు ప్రమోషన్!"

యాదవ్వ మేకలు మేపుతున్నది అక్కడే. గౌరయ్య మిఠాయి ముట్టలేదు.

"ఈసారి ఎవల ఊరు?"

"ఊరు గాదు కాకా, గా తునికిమడుగోళ్లకు ఇచ్చిన పునరావాస కాలనీ, దాని పక్క గుట్ట. దాని కింద గూడ బొగ్గున్నదంట."

గౌరయ్య అంగీ గుండీలు ఒక్కొక్కటే విప్పి దాన్ని వీరేందర్ చేతిలో పెట్టాడు. "నాతోని గాదు."

"నువ్వు గాకుంటే మీ వాడకట్టు మొగులయ్య ఉన్నడు. రెండుసార్లొచ్చి అడిగిండు" అని వీరేందర్ డబ్బా కూడా తీసుకుని పోయాడు.

గౌరయ్య బనీను మీదే పెరట్లోకి పోయి వదినెకు సంగతి చెప్పాడు. ఆమె ఏడవలేదు. వర్షకు ఫోను కలపమంది.

"బిడ్డా, ఇంకో రూము కడ్తున్నమంటివి గద. ఎందాక వచ్చింది? గోడలు లేశినయా... ఆపుండ్రి. ఏం గాలేదు, ఆపుండ్రి. ఇటుకలు అమ్మకుండ్రి మల్ల. ఈడికి తెచ్చుకుందాం."

ఆమె ఇంకా మాట్లాడుతుండగానే గౌరయ్య గడ్డపార తెచ్చి, మేకల కొట్టం పక్కన ఒక రూము పట్టేంత జాగాలో రాళ్లు పీకడం మొదలుపెట్టాడు. పొద్దుగూకినాక మేకలతో వచ్చిన యాదవ్వ చూసి, ఏందిది అని అడిగింది. చెప్పాడు. ఆమె కొంగు బిగించి ఇంకో వైపు నుంచి రాళ్లు ఎత్తసాగింది.