ఒక్క గుంతకే అనుమతి

మా ఊళ్లో నీటి గొట్టాలకు వయసు మీరిపోయింది. కొండ మీది కొండవాడకి గొట్టం వేసినప్పుడు, ఆ పని చేసిన కురోసె గారికి పంతొమ్మిదేళ్లు, ఇప్పుడు డెబ్బై మూడు. పిల్లలు లేక బడి మూతపడింది, బస్సు ఆగిపోయింది. ఆయన మాత్రం రిటైరయ్యాక కూడా ఇస్త్రీ యూనిఫారంలో రోజూ నీటి ఆఫీసుకు వస్తారు. ఇనపకడ్డీ ఒక కొస రోడ్డుకి, రెండో కొస చెవికి ఆనించి, మట్టి కింద గొట్టం ఎక్కడ కారుతోందో చెబుతారు. ఆ పని నేర్చుకుంటానని వచ్చింది నేనొక్కదాన్నే. ముప్పై నాలుగేళ్లొచ్చినా ఆఫీసులో నేనే పసిపిల్లని.

ఆ గురువారం కొండవాడలో కారుతున్న చోటు పట్టుకోవాలి. అక్కడున్నవి ఏడిళ్లు, తొమ్మండుగురు ముసలివాళ్లు. ఒక్క గుంతకే అనుమతి. అందులో కారే చోటు దొరక్కపోతే గొట్టం మూసేసి ట్యాంకరు పంపుతామని మేనేజరు తేల్చేశారు. ఆయన్నీ తప్పు పట్టలేం, తవ్వేవాళ్లు జిల్లా మొత్తానికి ఇద్దరే.

కురోసె గారు విని, ఒగాతా అవ్వ గుమ్మం ముందు సుద్దతో గుర్తు పెట్టారు. నాకు మాత్రం చప్పుడు నాలుగడుగుల ఎగువన వినిపించింది. ఆయన చెవి ముందు నా మూడేళ్ల అనుభవం ఎంత?

"నీకెక్కడ వినపడింది?" అని అడిగారు.

"మీరు పెట్టిన చోటేనండి."

"మరి ఆ ఎగువకి చూస్తావేం? నాకు మర్యాద చేస్తావా, ఈ ఇళ్లకి నీళ్లిస్తావా? రెండూ కుదరవమ్మాయ్."

తన గుర్తుని బూటుతో చెరిపేశారు. నాలుగడుగుల ఎగువన నా గుర్తు నేను పెట్టాను. తవ్వేవాళ్లు ఆయన వైపు చూస్తే, అక్కడే తవ్వమన్నారు. గుంత పొడిగా తేలితే గుర్తు పెట్టింది నేను కాదు, తనేనని రాసుకోమని కూడా చెప్పారు.

అరగంట పొడి మట్టే వచ్చింది. తర్వాత బురద. ఆ తర్వాత నీళ్లు ఎగజిమ్మి నా మొహాన పడ్డాయి.

ఆయన మాట కాదన్నందుకు నడుం వంచి క్షమాపణ అడిగాను.

"దేనికి? ఆ సన్న చప్పుడు నాకు వినపడక రెండేళ్లయింది. వేసినవాణ్ణి కదా, అతుకులెక్కడో గుర్తుంది, దాంతో నెట్టుకొచ్చాను. బయటికి చెబితే కొండవాడ గొట్టాన్ని అప్పుడే మూసేసేవాళ్లు. నువ్వు తయారవ్వాలని ఆగాను."

అంత పెద్దమనిషిని నేనింకెక్కడా చూడలేదు. బురదలో నిలబడి ఏడ్చేశాను. ఆయనేమో గుంత అంచున గొంతుక్కూర్చుని, ఇంతకీ ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పమన్నారు.

"కెటిల్లో నీళ్లు మరగబోయే ముందు సన్నగా కూస్తాయి చూడండి, అలా."

కళ్లు మూసుకున్నారు.

"అదే," అన్నారు. "ఇంకోసారి చెప్పు."