గోడ మీది ఓర్పు

ముంతియా నేల మీద మేటవేసిన బురదని రేకుముక్కతో గీకి బకెట్లోకి ఎత్తుతోంది. పొద్దున్న పోటు వెనక్కి పోయింది గానీ తన చెత్తంతా ఇంట్లోనే వదిలిపోయింది. జావా ఉత్తరపు ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళోకి సముద్రం వచ్చి కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. ఏటా మట్టి మోసి నేలని ఎత్తు చేస్తూనే ఉంది ముంతియా. నేల లేస్తోంది, కప్పు లేవదు కదా! ఇప్పుడు సొంతింట్లో కూడా నడుం వంచే తిరగాలి.

భర్త సర్మిది గుమ్మంలో వంగి లోపలికి తొంగిచూశాడు.

"పట్నం నుంచి ప్రాజెక్టు వాళ్ళొస్తున్నారే. ఆడవాళ్ళ మీటింగట. వంట నీకూ పక్కింటి పైనాకీ ఒప్పజెప్పాడు ఊరి పెద్దాయన."

"ఆడవాళ్ళ మీటింగైతే నేను పొయ్యి దగ్గరుంటే ఎట్టా?"

"అక్కడ నువ్వేం మాట్లాడతావ్? ఎలాగూ ఖాళీగా ఉండేదానివేగా."

ఖాళీగా! పీతలు ఒలిచి ఒలిచి వేళ్ళు పగిలిపోయాయి. తడిసిన పరుపు ఎండకెయ్యడం, బియ్యం మూట అటక మీదికి ఎక్కించడం, పోటొస్తే అత్తగారిని బల్ల మీద కూర్చోబెట్టడం, ఇవన్నీ ఖాళీగా ఉండటమేనా? బల్ల మీదున్న అత్తగారు అందుకుంది. "మా రోజుల్లో మేం ఎదురు మాట్లాడలేదమ్మా." మీ రోజుల్లో ఇంట్లోకి సముద్రం రాలేదత్తా అనబోయి, మింగేసింది ముంతియా.

వంట దించి, తడి చేతులు తుడుచుకుంటూ పైనాతో కలిసి పెద్దాయన ఇంట్లో మీటింగుకెళ్ళి చాప చివర కూర్చుంది. గోడకి పెద్ద బ్యానరు: 'సముద్రాన్ని ఓర్పుతో గెలిచిన స్త్రీలు'. యూనివర్సిటీ నుంచి వచ్చిన లెస్తారి అనే అమ్మాయి రంగు పెన్సిళ్ళు పంచింది.

"ఇరవై ఏళ్ళ తర్వాత మీ ఊరెలా ఉండాలో మీరే బొమ్మ గీయండక్కా. ఇందులో తప్పొప్పులు లేవు."

ఏం గీయాలో పెద్దాయన భార్య ముందే చెప్పిపెట్టింది కాబట్టి అందరూ మడచెట్లూ, టూరిస్టు పడవలూ గీశారు. ముంతియా కొండవాలు గీసింది. దాని మీద పొడి నేల, నిటారుగా నిలబడి వెళ్ళగలిగే గుమ్మం, లోపల కాళ్ళు చాపుకుని పట్టపగలు నిద్రపోతున్న ఆడమనిషి. సముద్రం ఎక్కడో అడుగున సన్నటి నీలి గీత.

లెస్తారి వంగి చూసింది. "చాలా బావుందక్కా. కానీ మా ప్రాజెక్టు ఈ ఊరిని ఇక్కడే నిలబెట్టడం కోసం. ఈ మూల నాలుగు మడచెట్లు వేస్తావా?"

"తప్పొప్పులు లేవన్నావుగా?"

ముంతియా కాగితాన్ని తన వైపు లాక్కుంది.

"నా కలని కూడా దిద్దాలా? ఇక్కడ ఉంటావా అని నన్నెవరైనా అడిగారా? ఎలా ఉంటావు అనే అడుగుతారు అందరూ!"

వసారాలో భోంచేస్తున్న మగాళ్ళలోంచి సర్మిది అరిచాడు. "మా తాతల సమాధులు ఇక్కడున్నాయే!"

"మీ తాతలొచ్చి మట్టి మోస్తారా?"

పైనా కిసుక్కున నవ్వింది. తర్వాత ఇంకొకతె. పెద్దాయన భార్య "అతిథుల ముందు ఏంటీ అల్లరి" అంటున్నా నవ్వులు ఆగలేదు.

ముంతియా లేచి బ్యానరు దగ్గరికెళ్ళింది. "ఇది తీసెయ్యమ్మాయ్. మాది ఓర్పు కాదు. పోయే దారి ఎవరూ చూపించలేదు, అంతే."

లెస్తారి తనే స్టూలెక్కి తాళ్ళు విప్పింది. పైనా తన కాగితం తిప్పి, వెనకవైపు కొండ గీయడం మొదలుపెట్టింది.

మర్నాడు ఏడుగురు ఆడవాళ్ళు పైనా వాళ్ళ పడవెక్కారు. ఎగువన మెట్ట మీద ఖాళీ నేల ఉందట, చూసొద్దామని. లెస్తారి ఒడ్డున తచ్చాడుతోంది.

"నేనూ రానా అక్కా?"

"రా. అడగడానికైతే వద్దు. తెడ్డెయ్యడానికి రా."

చెక్కవంతెన మీద సర్మిది నిలబడ్డాడు. కోపమంతా కరిగి మొహం వెలవెలబోయి ఉంది.

"ముంతియా, మళ్ళీ ఎప్పుడొస్తావ్?"

ఆమె ఎక్కడికైనా వెళ్ళిపోగల మనిషని పెళ్ళయిన ఇన్నేళ్ళకి అతనికి మొదటిసారి తోచింది.

"నేల చూశాక చెప్తాను," అంది ముంతియా. పడవ కదిలింది.