గాలి పట్టిన లారీ

మా బావ కన్నబాబుకి అరవై ఎనిమిదేళ్లు. ఆయన లారీకి అరవై రెండు. పొద్దున లేవగానే ఇద్దరిలో ఎవరి దగ్గు ఎక్కువసేపు ఉంటుందని అడిగితే, ఆయన పెళ్లాం నూకరత్నం కాస్త ఆలోచించి గాని చెప్పదు. నూకరత్నం నా సొంత చెల్లెలు. కాబట్టి లారీ కూడా నాకు కొంత చుట్టమే.

అది ముక్కు బెంజి. అంటే ఇంజను కేబిను కింద దాక్కోకుండా, ముందుకు ముక్కులా పొడుచుకొచ్చిన పాత రకం. ఒకప్పుడు అనకాపల్లి మార్కెట్టు నుంచి కటకం దాకా బెల్లం మోసింది. ముసలిదై, ఒక కోతమిల్లు వెనక చెదపట్టిన దుంగల మధ్య పడి ఉంటే మా బావ తెచ్చుకున్నాడు. తెచ్చుకుని మూడేళ్లు దాని కిందే పడుకుని బాగు చేశాడు. ఆ మూడేళ్లలో మా చెల్లెలు మొగుడి మొహం కంటే పాదాలే ఎక్కువ చూసింది.

మాదొక పాతబళ్ల జట్టు. నెలాఖరు ఆదివారం ఎక్కడో ఒకచోట కలుస్తాం. జీపులు, అంబాసిడర్లు, తన్నితే గాని లేవని స్కూటర్లు వస్తాయి. పెళ్లిచూపులకి వచ్చినట్టు ఒకరి ఇంజనులోకి ఒకరు తొంగిచూసి, తలా ఒక వంక చెప్పి, తలా ఒక మందు చెప్పి, టీ తాగి పోతాం. నాకు బండి లేదు. ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలిన జ్ఞాపకాలున్నాయి. వాటికి టాక్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, ఎంత దూరమైనా పోతాయి.

ఈ జట్టుకి వెళ్లబోయి మా బావ లారీ రెండుసార్లు దారిలో ఆగిపోయింది. రెండుసార్లూ ట్రాక్టరుకి తాడు కట్టి లాక్కొచ్చారు. కొళాయి దగ్గర ఆడవాళ్లంతా బిందెలు పక్కన పెట్టి మరీ చూశారు. ఆ రెండోసారి నూకరత్నం వీధి గుమ్మంలో నిలబడి, గొంతు పెంచకుండా చెప్పింది.

"మూడోసారి గాని ఇది తాడుతో ఇంటికొచ్చిందంటే, ఆ తాడు ఇప్పను. అలగే పాతినుము కొట్టుకి లాగించేత్తాను."

ఊరికే అనే మనిషి కాదు. మా బావ జావా మోటారు సైకిలు ముందు చక్రం ఇచ్చి రెండు స్టీలు బిందెలు తీసుకున్న మనిషి. ఆ బిందెల్లో నీళ్లు తాగినప్పుడల్లా మా బావ కళ్లు మూసుకుంటాడు.

ఈసారి కలిసే చోటు కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువు గట్టు. ఆదివారానికి మూడు రోజుల ముందు మా పైడిరాజు లారీని చూడ్డానికి వచ్చాడు. పైడిరాజు మెకానిక్కు, నన్ను మావా అంటాడు, ఒక తెల్ల అంబాసిడరుకి యజమాని. బానెట్టు ఎత్తి, డీజిలు పంపు దగ్గర జాయింటు మీద వేలు రాసి వాసన చూశాడు.

"బాబాయ్, రాగి వాషరు బిరుసెక్కిపోనాది. సుక్క సుక్క కారతంది. బయటికి సుక్క కారితే లోపలికి గాలి లాగుద్ది. ఈ సైజు మనూర్లో లేదు, వైజాగులో దొరుకుద్ది. సోమారం తెత్తాను."

"సోమారం తెచ్చి నా దినానికి ఏత్తావేటిరా? ఆదివారం ఎల్లాలి," అన్నాడు బావ.

పైడిరాజు వెళ్లాక బావ నావైపు చూశాడు. నాకు నోరు ఊరింది. అడక్కుండానే చెప్పాను.

"డెబ్బై తొమ్మిదిలో సాలూరు ఘాటు ఎక్కుతుంటే నాకూ ఇదే జాయింటు, ఇదే కారుడు. సుట్టూ అడివి. లోడులోంచి గుప్పెడు బెల్లం తీసి, ఆకులో రాసుకునే సున్నం కలిపి జాయింటు సుట్టూ రుద్దేను. ఒరిస్సా జైపూరు ఎల్లి సరుకు దింపి ఇంటికొచ్చేదాకా గుక్క తిప్పలేదు బండి. వచ్చి సూత్తే ఆ బెల్లం రాయైపోనాది. సుత్తితో కొడితే సుత్తి పిడి ఇరిగిపోనాది."

"ఆ రాయి నాకు సూపించేవు గదా," అన్నాడు బావ, భక్తిగా.

"సూపించేను," అన్నాను.

ఆదివారం ఏడింటికి బయల్దేరాం. స్టీరింగు దగ్గర బావ, పక్కన నేను, వెనక అంబాసిడరులో పైడిరాజు. లారీ మునగపాక దాకా పెళ్లికొడుకులా నడిచింది. చెరుకు తోటల మధ్య చల్లగాలి. బావ రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ఎదురొచ్చే కంపెనీ బస్సులకి దారి ఇస్తూ, తనలో తను నవ్వుకుంటున్నాడు.

"బావా, ఏ బెంగా లేదీసారి," అన్నాడు. "పొద్దున్నే నువ్వు సెప్పిన మందే ఏసేను. బెల్లం, సున్నం. సక్కగా రుద్దేను."

నలభై ఏళ్లుగా చెబుతున్నాను ఆ కథ. విన్నవాళ్లు నవ్వారు, టీ ఇప్పించారు, మళ్లీ చెప్పమన్నారు. చేసినవాడు ఒక్కడూ లేడు. అప్పుడే బండి ఆపించి నిజం చెప్పేసి ఉంటే బాగుండేది. కాని ఆయన మొహం చూశాను. చెప్పలేకపోయాను.

ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక లారీ ఒకసారి ఎక్కిళ్లు పెట్టింది. రెండోసారి పెట్టింది. తర్వాత గట్టిగా నిట్టూర్చి ఆగిపోయింది. ఎక్కడయ్యా అంటే, సరిగ్గా శ్మశానం పక్కన.

పైడిరాజు బానెట్టు ఎత్తాడు. ఇంజను వేడికి బెల్లం కరిగి, పంపు మీద నుంచి పాకంలా సాగుతోంది. పంపు పైన స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టాడు. డీజిలు బదులు నురగ వచ్చింది, గోళీసోడా కొట్టినట్టు.

"గాలి పట్టింది," అన్నాడు. "గాలి తీసెయ్యొచ్చు గాని, జాయింటు ఇలగుంటే ఫర్లాంగుకోసారి పడతాది. వాషరు లేకపోతే కదల్దు మావా."

సరిగ్గా అప్పుడే మా బావ ఫోను మోగింది. నూకరత్నం. ఆయన దాన్ని నిప్పు కణికలా నా చేతిలో పడేశాడు.

"అన్నియ్యా, ఎక్కడున్నారు? కదుల్తందా?"

"మునగపాక దాటేం. లారీకి గాలి పట్టిందమ్మా."

ఆవిడ గొంతు తగ్గించి అడిగింది.

"ఏ చోట?"

"శ్మశానం పక్కన."

"ఓలమ్మ. దాన్ని ఎవులూ ముట్టుకోకండి. నాను వత్తన్నాను," అని పెట్టేసింది.

అప్పుడు అర్థమైంది నాకు, నేను చెప్పిన గాలి వేరు, ఆవిడ విన్న గాలి వేరు అని. మళ్లీ ఫోను చేసి చెప్పవచ్చు. చెయ్యలేదు.

"బావా," అన్నాను, "లారీ సెడిపోతే తప్పు లారీది. గాలి సోకితే లారీదేటి తప్పు? మనిసికైనా సోకుద్ది. జ్వరమొచ్చిన పిల్లని పాతినుముకి ఇచ్చేత్తారేటి?"

మా బావ ముందు నన్ను చూసి, తర్వాత శ్మశానం వైపు చూసి, మెల్లగా తల ఊపాడు. ఆయనకి బతుకు మీద ఆశ పుట్టింది. ఈలోగా అటు పోతున్న ట్రాక్టరు ఒకటి ఎవరూ పిలవకుండానే ఆగింది. దాని మీద మనిషి దిగి, ఎవరూ అడక్కుండానే తాడు తీశాడు. "ఉండు బాబూ, ఇంకా సూత్తన్నాం," అని నేను అతన్ని నీడన కూర్చోబెట్టాను. అతను తాడు చుట్ట ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు.

ముప్పావుగంటకి ఆటో వచ్చింది. నూకరత్నం దిగింది. చేతిలో సంచి, సంచిలో నిమ్మకాయలు, కర్పూరం, చెంబుతో నీళ్లు. చంకలో నల్లకోడి. ఆవిడ వెనకాల తలుపులమ్మ దిగింది.

తలుపులమ్మ మా ఊరి మనిషే. డెబ్బై దాటిన ముసలిది, వెదురుకర్రలా ఉంటుంది. గాలి సోకినవాళ్లకి దిగదుడిచి పంపిస్తుంది. అది సాయంత్రం పని. పగటి పూట చెరుకుతోటలో నీళ్లు తోడే ఆయిలింజను చూసుకుంటుంది, ముప్పై ఏళ్లుగా. ఈ రెండో సంగతి ఆ క్షణాన నాకు గుర్తు రాలేదు.

ఆవిడ లారీ చుట్టూ ఒకసారి తిరిగింది. నిమ్మకాయ తియ్యలేదు. ముక్కు ఎగబీల్చింది. ఎత్తి ఉన్న బానెట్టులోకి వంగి, జాయింటు మీద వేలు రాసి, నాలిక్కి తగిలించుకుంది.

"బెల్లం," అంది. "ఇన్నేళ్లలో బెల్లం పూసిన దెయ్యాన్ని నానెప్పుడూ సూడలేదు నాయినా. ఇది మనిసి పనే."

"మరి గాలి?" అంది నూకరత్నం.

"గాలి ఉంది. పంపులో ఉంది. మా ఇంజనుకీ పడతాది, వారానికోసారి. దానికి కోడెందుకే, పానా ఉంటే సాలు."

మా చెల్లెలు మొగుడి వైపు తిరిగింది. "అయితే గాలీ లేదు, ధూళీ లేదు. లారీయే ఆగిపోనాది. మూడోసారి."

నా పేరు చెబితే సగం తప్పు దిగిపోతుందని బావకి తెలుసు. చెప్పలేదు. లారీ రేకు మీద అరచెయ్యి వేసి, తల దించుకుని నిలబడ్డాడు. నీడన కూర్చున్న ట్రాక్టరు మనిషి లేచి తాడు చుట్ట విప్పడం మొదలుపెట్టాడు.

నా బతుకులో అంత కష్టమైన మాట ఎప్పుడూ అనలేదు.

"సెల్లీ, లారీది తప్పు కాదు. ఆ బెల్లం నాను రాయించినది. సాలూరు ఘాటు కథ ఉంది సూడు, అది అబద్ధం."

తాడు ఆగింది.

"ఆ రోజు బండి కదల్లేదు. రెండ్రోజులు రోడ్డు పక్కనే కూకున్నాను. బెల్లం ఆకలేత్తే తిన్నాను. మూడో రోజు ఎవులో లాక్కెల్లేరు. తాడుతో."

కన్నబాబు బావ తల ఎత్తాడు. ఆయన మొహం చూస్తే, అంతకంటే రెండు దెబ్బలు కొట్టినా బాగుండేదనిపించింది.

"రాయి సూపించేవు గదా బావా."

"అది రాయే బావా."

పైడిరాజు అటు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. నూకరత్నం నవ్వలేదు. నన్ను ఎగాదిగా చూసింది, చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పిల్లి తాగిందని చెప్పినప్పుడు చూసినట్టు.

"అంటే లారీ దాని మానాన అది బాగానే నడిసిందన్నమాట," అంది. "ఈ అన్నియ్య మాట ఇనీదాకా."

"మునగపాక దాకా పెల్లికొడుకులాగ నడిసిందే," అన్నాడు బావ.

"అయితే దీన్నిక్కడే లేపండి. దానంతటది కదిల్తే సరే. కదల్లేదా, తాడు ఎలాగూ ఉంది."

"ఏటితో లేపుతాం పిన్నీ?" అన్నాడు పైడిరాజు. "వాషరు లేదు గదా."

"పాతది ఉంది గదరా," అంది తలుపులమ్మ. "రాగి బిరుసెక్కితే ఏటి సేత్తారు? ఎర్రగా కాల్చి నీల్లలో ఏత్తే వెన్నలాగ మెత్తబడద్ది. మీ గురువు సెప్పలేదేటి?"

గురువు చెప్పాడు గాని, పాతికేళ్లుగా కొత్త వాషర్లు కొనడం అలవాటై పైడిరాజే మరిచిపోయాడట. జాయింటు విప్పాడు. తలుపులమ్మ నిమ్మకాయ కోసి, దాంతో వాషరు మీది బెల్లమూ సున్నమూ మసీ తోమింది. రాగి కొత్త కానీలా మెరిసింది. దెయ్యం కోసం తెచ్చిన కర్పూరమంతా ఒక పెంకులో కుప్ప పోసి వెలిగించి, శ్రావణంతో వాషరుని ఆ మంటలో పట్టుకుంది. రోడ్డున పోయే కంపెనీ బస్సు నెమ్మదించింది. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు లారీకి దండం పెట్టారు. రాగి ఎర్రబడింది. చెంబులో వేస్తే చుయ్యిమంది.

వాషరు బిగించారు. పైడిరాజు చేతిపంపు కొడుతుంటే స్క్రూ దగ్గర ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత అద్దంలాంటి డీజిలు వచ్చింది. స్క్రూ బిగించి, "ఊఁ" అన్నాడు. బావ ఎక్కి సెల్ఫు కొట్టాడు. ఒకటి. రెండు. మా చెల్లెలు తన చీర కొంగు గుప్పెట్లో పట్టుకుని ఉండటం నేను చూశాను. మూడోసారికి లారీ ఒళ్లు విదిలించి, నల్లటి పొగ మా అందరి మొహాల మీదా ఊది, లేచింది.

ట్రాక్టరు మనిషి నిరాశగా తాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

"మరి కోడి?" అన్నాడు పైడిరాజు.

"తెచ్చిన కోడిని తిప్పకుండా తీసుకెల్లకూడదు," అంది తలుపులమ్మ. "గాలి ఎవులికి పట్టిందో తేలిపోనాది గదా. రా నాయినా, ఇలగ తూరుపుకి తిరుగు."

డెబ్బై నాలుగేళ్ల వాణ్ణి, నడిరోడ్డు పక్కన, పగటి వెలుగులో నిలబెట్టి, నా తల చుట్టూ ఆ కోడిని మూడుసార్లు తిప్పింది. మూడోసారి కోడి నా చెవి పొడిచింది. మా బావ కేబిన్లోంచి చూస్తూ, రాయి సంగతి తెలిశాక మొదటిసారి నవ్వాడు.

"నెల్రోజులు పథ్యం," అంది తలుపులమ్మ. "ఉన్నది ఉన్నట్టు సెప్పాల. లేంది నోటంట రాకూడదు. వచ్చిందా, మల్లీ నన్ను పిలవాల."

కేబిన్లో నూకరత్నం ఎక్కింది. లారీ ఇంటికొచ్చాక ఆవిడ ఆ మెట్టు మీద కాలు పెట్టడం అదే మొదలు. పక్కన తలుపులమ్మ కూర్చుంది. నన్నూ కోడినీ వెనక తొట్టిలోకి ఎక్కించారు.

కొండకర్ల గట్టు మీద జట్టంతా టీలు తాగి, మా కోసమే చూస్తున్నారు. జీపు దేవీప్రసాద్ ముందుకొచ్చాడు. పాత లారీల మీద కన్నున్న మనిషి. అప్పటికే రెండుసార్లు మా బావని అమ్ముతావా అని అడిగాడు.

"ఇంత ఆలీసమయ్యిందేటి? మల్లీ ఆగిపోయిందా కన్నబాబూ? మూడోసారి గదా. ఇంక దాని పని అయిపోనట్టే."

బావ నన్ను చూశాడు. జట్టంతా నన్నే చూసింది. నాకు పథ్యం. తొట్టిలోంచి దిగి, జరిగింది జరిగినట్టు చెప్పాను. బెల్లం, సున్నం, ముసలమ్మ, కర్పూరంతో కాల్చిన వాషరు, నా తల చుట్టూ కోడి. పొట్టలు పట్టుకుని నవ్వారు.

"సాలూరు ఘాటు వరకూ నమ్మేం మావా," అన్నాడు దేవీప్రసాద్ కళ్లు తుడుచుకుంటూ. "ఇది మరీ ఎక్కువయ్యింది. నిజం సెప్పు, ఆగిపోయింది గదా? ఇంక దాన్ని నాకిచ్చీమను."

అప్పుడు కేబిను తలుపు తెరుచుకుంది. నూకరత్నం మెట్టు మీదే నిలబడింది.

"మా లారీ ఎక్కడా ఆగలేదు బాబూ," అంది. "మా అన్నియ్యకి దార్లో నడుం పట్టీసింది. కదల్లేకపోయేడు. ఆ పెద్దమనిసి కోసం మేమే ఆపేం."

నా సొంత చెల్లెలే మరి. రెప్ప కూడా వెయ్యలేదు. మా బావ స్టీరింగు వెనక కళ్లు పెద్దవి చేసుకుని, "మా లారీ" అన్న మాట ఇంకోసారి వినబడుతుందేమోనని పెళ్లాం వైపే చూస్తున్నాడు.

పథ్యం నాకు గాని మా చెల్లెలికి కాదు. పైగా తలుపులమ్మ మాటలు వద్దంది గాని మూలుగులు వద్దనలేదు. రెండు చేతులా నడుం పట్టుకుని, కోడి పక్కన నెమ్మదిగా కూలబడి, అందరికీ వినపడేలా మూలిగాను.